చేను చేసే ఊడిగం

సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం మిత్రులు అడిగినప్పుడు, బి.ఎస్సీ. వాడి దగ్గరనుంచి వాళ్ళు ఆశించింది అణుశక్తి గురించో, అంతరిక్షం గురించో అయివుంటుంది. మధ్యయుగాల పట్టణాల్లోకి రోమను చట్టం ఎలా వచ్చిందో రాస్తానంటే ఒక మిత్రుడు నా నుదుటిమీద చెయ్యి వేసి చూశాడు. జ్వరం లేదు. ఉన్నదల్లా ఒక బోదె తగాదా. ఆ బోదె గట్టు పట్టుకుని నడుస్తూ నడుస్తూ నేను రోము దాకా, బొలోన్యా దాకా, న్యూరెంబర్గు దాకా పోయి, మళ్ళీ మా ఊళ్ళోనే తేలాను. ఆ నడక సంగతే ఈ నాలుగు మాటలూ.

మాది గోదావరి డెల్టాలో కాలువ చివరి ఊరు. శివారు భూములు. తాతయ్య ఉన్న రోజుల్లో మా ఆరెకరాలూ ఒకటే చెక్క. ఆయన పోయాక పెదనాన్నకీ నాన్నకీ చెరి మూడెకరాలూ పంచారు. కాలువ వైపు చెక్క పెదనాన్నకి వెళ్ళింది, మురుగు కోడు వైపుది మాకు వచ్చింది. తూములోంచి వచ్చే నీళ్ళు పెదనాన్న చేలో బోదె గుండా పారి మా చేలో పడాలి. పంపకాల రోజున పెద్దమనుషులు రామాలయం అరుగుమీద కూర్చుని ఏ గట్టు ఎవరిది, ఏ కొబ్బరిచెట్టు ఎవరిది అన్నీ చెప్పారు గాని, బోదె మాట ఎవరూ ఎత్తలేదు. ఎందుకెత్తుతారు? నీరు పల్లమెరుగు అన్నారు కదా. కాని ఆ సంగతి కాగితం ఎరగదని మాకు తరవాత గాని తెలియలేదు.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. రెండేళ్ళ కిందట దాళ్వాలో మాట పట్టింపులు వచ్చి పెదనాన్న బోదెకి అడ్డంగా మట్టి వేయించాడు. పొట్టమీదున్న చేను మా కళ్ళ ముందే నెర్రెలు విచ్చింది. నాన్న టౌనుకి పోయి ప్లీడరుగారి చేత నోటీసు ఇప్పించాడు. అది ఇంగ్లీషులో ఉంది. దాని నకలు తెచ్చి నా చేతిలో పెట్టి, “ఏం రాయించానో నాకే తెలీదురా, కాస్త చదివి చెప్పు” అన్నాడు.

మూడుసార్లు చదివాను. డామినెంట్ హెరిటేజ్, సర్వియెంట్ హెరిటేజ్ అన్న మాటల దగ్గర ఆగిపోయాను. నిఘంటువు తిరగేసి, “మనది యజమాని చేను, పెదనాన్నది సేవకుడి చేను అని రాశారు నాన్నా” అని చెప్పాను. ఆ మాట ఎవరు మోశారో గాని, సాయంత్రానికల్లా పెదనాన్న మా వాకిట్లో నిలబడ్డాడు. “ఏరా, నా చేను మీ చేనుకి నౌకరా? తమ్ముడికి నేను పాలేరునా?” అన్నాడు. నాన్న తల ఎత్తలేదు. మూసిన బోదెకంటే ఆ ఒక్క మాట మా రెండిళ్ళనీ ఎక్కువ దూరం చేసింది. చదువుకున్నవాణ్ణని చెప్పి ఆ మాట నేనే విప్పి చెప్పానన్నది నాకు ముల్లులా గుచ్చుకుంటూ వుండిపోయింది.

సెలవులయ్యాక ఈ గొడవంతా మా కాలేజీ చరిత్ర లెక్చరరుగారితో చెప్పుకున్నాను. ఆయన నవ్వి, “ఆ మాట మీ ప్లీడరుగారిది కాదోయ్. రోమువాళ్ళది. అది మీ ఊరి దాకా ఎలా వచ్చిందో చదువు. మీ పెదనాన్నకి చెప్పవలసిన జవాబు నీకే దొరుకుతుంది” అని లైబ్రరీలో రెండు లావుపాటి పుస్తకాలు చూపించారు. ఫిజిక్సు రికార్డు పక్కనపెట్టి అవి చదవడం మొదలుపెట్టాను.

మహాసామ్రాజ్యం కాకముందు రోము కూడా రైతుల ఊరే. పక్కవాడి పొలంలోంచి కాలినడకన పోయే హక్కు, పశువుల్ని తోలుకుపోయే హక్కు, బండి దారి, నీటి బోదె — ఈ నాలుగూ వాళ్ళ చట్టంలో అతి పురాతనమైనవి. ఊళ్ళో ఇళ్ళ మధ్య ఉండేవి మరికొన్ని: మన చూరునీళ్ళు పక్కవాడి జాగాలో పడటం, పక్కవాడి గోడలో మన దూలం పెట్టుకోవటం, మన ఇంటికి వెలుతురు అడ్డం రాకుండా పక్కవాడు ఎత్తు కట్టకుండా ఉండటం. ఇవి చదువుతుంటే నాకు రోము కనపడలేదు, మా వీధి కనిపించింది. వీటన్నిటికీ కలిపి వాళ్ళు పెట్టిన పేరు ‘సెర్వితూస్’. ఆ మాటకి ఇంకో అర్థం బానిసత్వం. తెలుగులో ఊడిగం అనుకోండి. మనిషి మనిషికి చేసే ఊడిగానికీ, చేను చేనుకి చేసే ఊడిగానికీ వాళ్ళు వాడింది ఒకటే మాట!

అయితే రెండో ఊడిగానికి రోమను పండితులు గట్టి హద్దులు గీశారు. ఊడిగం చేసేది భూమి, ఆసామి కాదు. భూమి చేతులు మారినా హక్కు భూమి వెంటే పోతుంది. ఆ ఆసామి ఏ పనీ చెయ్యనక్కర్లేదు, అడ్డుపెట్టకుండా ఉంటే చాలు. హక్కున్నవాడు కూడా పక్కవాడికి వీలైనంత తక్కువ ఇబ్బంది కలిగేలా వాడుకోవాలి. ఇంకో సంగతి చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచాను. అన్నదమ్ములు ఆస్తి పంచుకునేటప్పుడు, ఒకరి వాటాలోంచి రెండోవారి వాటాకి ఇలాంటి హక్కు ఏర్పాటు చేసే అధికారం పంపకం చేసే న్యాయమూర్తికి ఉండేది. మా రామాలయం అరుగుమీద మరిచిపోయింది అదే.

ఈ చట్టమంతా జస్టీనియను చక్రవర్తి కాన్‌స్టాంటినోపులులో పోగుచేయించాడు. పండితుల అభిప్రాయాలు 50 భాగాలుగా కూర్చిన ‘డైజెస్టు’ 533లో వెలువడింది. కాని పడమటి ఐరోపాలో సామ్రాజ్యం అప్పటికే కూలిపోయింది. అక్కడ ఆ పుస్తకాన్ని కొన్ని శతాబ్దాలపాటు తెరిచినవాళ్ళు దాదాపు లేరు. ఊళ్ళూ పట్టణాలూ వాడుక మీదే బతికాయి. జర్మను పట్టణాల్లో తగాదా వస్తే పెద్దలు బల్లమీద వరసగా కూర్చుని, పూర్వం ఏం జరిగేదో గుర్తుచేసుకుని తీర్పు చెప్పేవారు. మన అరుగు లాంటిదే ఆ బల్ల.

మరి ఆ వాడుక ఎందుకు చాలకపోయింది? నాకు అర్థమైనంతవరకు కారణం ఇది. పల్లెలో అందరికీ అందరూ తెలుసు. ఎవరి తాత ఏ గట్టు వేశాడో చెప్పేవాడు ఒకడైనా ఉంటాడు. పదకొండు, పన్నెండు శతాబ్దాల్లో ఇటలీ పట్టణాలు పెరిగాయి. పక్కింటాయన నిన్న వచ్చినవాడు. ఎదుటి దుకాణందారు వేరే రేవునుంచి వచ్చినవాడు. అప్పు, పొత్తు వ్యాపారం, ఓడమీద సరుకు, మైనరు పిల్లల ఆస్తి, వీలునామా, ఉమ్మడి గోడ — వీటికి తాతల జ్ఞాపకం జవాబు చెప్పలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే డైజెస్టు మళ్ళీ బయటపడింది. పన్నెండో శతాబ్దం మొదట్లో బొలోన్యాలో ఇర్నేరియస్ అనే పండితుడు దాన్ని పాఠంగా చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన శిష్యులు పేజీల అంచుల్లో వ్యాఖ్యానాలు రాశారు. తరవాతి శతాబ్దంలో అకుర్సియస్ అనే ఆయన వాటన్నిటినీ ఒకచోట చేర్చితే అవి తొంభై వేలకు పైగా తేలాయి!

మన విద్యార్థి సంఘం నాయకులకి ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. బొలోన్యా విశ్వవిద్యాలయం మొదట్లో విద్యార్థుల సంఘమే. దూరదేశాలనుంచి వచ్చిన విద్యార్థులు సంఘంగా ఏర్పడి, తమలోంచే ఒక పెద్దని ఎన్నుకుని, పంతుళ్ళు ఆలస్యంగా వస్తే జరిమానా వేసేవారు. మన లెక్చరర్లు నన్ను క్షమించాలి. ఈ సంగతి పుస్తకంలో ఉన్నది, నేను పుట్టించింది కాదు.

ఆ విద్యార్థులే ఇళ్ళకి తిరిగిపోయి న్యాయమూర్తులూ, రాతకోతల అధికారులూ అయ్యారు. చట్టం వాళ్ళతోబాటు ప్రయాణం చేసింది. పీసా పట్టణం చేసిన పని నాకు చాలా నచ్చింది. 1160లో పీసావాళ్ళు తమ చట్టాన్ని రెండు పుస్తకాలుగా రాసుకున్నారు. ఒకటి ‘చట్టం’ పుస్తకం, రెండోది ‘వాడుక’ పుస్తకం. మొదటిదానికి ఆధారం ముఖ్యంగా రోమను చట్టం. రెండోదానిలో వ్యాపారానికీ, ఓడలకీ సంబంధించిన తమ సొంత అలవాట్లున్నాయి. కొత్తది వచ్చిందని పాతది పారేయలేదు, పాతదుందని కొత్తది కాదనలేదు.

ఈ రెంటికీ పొత్తు ఎలా కుదరాలన్నది పెరూజియాలో పాఠం చెప్పిన బార్తోలుస్ తేల్చిచెప్పాడు. 1357లో చనిపోయేనాటికి ఆయన వయస్సు నలభై మూడో నలభై నాలుగో. పట్టణం తన చట్టం తను చేసుకోవచ్చు. అది నోరు విప్పినచోట దాని మాటే చెల్లుతుంది. అది మౌనంగా ఉన్నచోట రోమను చట్టం మాట్లాడుతుంది. ఈ సూత్రం చదవగానే మా పంపకం గుర్తొచ్చింది. బోదె దగ్గర మా పెద్దలు మౌనంగా ఉండిపోయారు. ఆ మౌనాన్ని నింపే చట్టం వెనక లేకపోతే మట్టితట్ట ఉన్నవాడిదే రాజ్యం.

సైన్సు విద్యార్థిగా బార్తోలుస్‌ని మరోవిధంగానూ మెచ్చుకున్నాను. 1355లో ఆయన టైబరు నది మేటల గురించి ఒక గ్రంథం రాశాడు. ఏరు మెల్లమెల్లగా వేసిన మేట ఒడ్డునున్న ఆసామిదే అని రోమను చట్టం చెబుతుంది. కాని ఒడ్డు వంకరగా ఉండి పదిమంది ఆసాములుంటే ఎవరికెంత? ఆయన స్కేలూ కంపాసూ పట్టుకుని గీతలూ వృత్తాలూ గీశాడు. కొత్త నేలలో ఏ బిందువు ఎవరి ఒడ్డుకి దగ్గరగా ఉంటే అది వాళ్ళదని లెక్క తేల్చాడు. పెన్నూ కంపాసూ స్కేలూ తెచ్చిచ్చి, బొమ్మలు గీసి రాయమని కలలో ఒక మనిషి చెప్పాడట! న్యాయానికి జామెట్రీతో చుట్టరికం ఉందని అప్పటిదాకా నాకు తెలియదు.

ఇక రెండో వైపు కూడా చెప్పాలి. రోమను చట్టం వచ్చినచోటల్లా మేలే జరిగిందంటే అబద్ధమవుతుంది. పదమూడో శతాబ్దంలో ఎర్రగా కాల్చిన ఇనుము పట్టించి నిజం తేల్చే పద్ధతి వెనకబడి సాక్ష్యాల విచారణ ముందుకొచ్చింది. బాగానే ఉంది. కాని ఆ పాత పుస్తకాల్లోంచే, నిందితుణ్ణి హింసించి ఒప్పించే పద్ధతికీ పండితులు ఆధారాలు వెతికి తీశారు. ఇటలీ పట్టణాల శాసనాల్లోకి అదీ ఎక్కింది.

జర్మనీలో మార్పు ఆలస్యంగా వచ్చింది. న్యూరెంబర్గు 1479లో తన పట్టణ చట్టాన్ని రోమను పద్ధతిలో తిరగరాసుకుంది. 1484లో అది అచ్చయింది కూడా. 1495లో ఏర్పడిన సామ్రాజ్య న్యాయస్థానంలో సగంమంది న్యాయమూర్తులు చట్టం చదివినవాళ్ళై ఉండాలన్నారు. 1520లో ఫ్రైబుర్గు పట్టణానికి ఉల్రిచ్ జాసియుస్ అనే ప్రొఫెసరు కొత్త చట్టం రాశాడు. బల్లమీద కూర్చున్న పెద్దలు మెల్లమెల్లగా దిగిపోయారు. లాటిను వచ్చిన డాక్టర్లు ఎక్కారు. తీర్పు ఎలా వచ్చిందో కక్షిదారుకే అర్థంకాని రోజులొచ్చాయి. చట్టం చదివినవాడు చెడ్డ క్రైస్తవుడు అని అక్కడ సామెతే పుట్టింది. 1525లో తిరగబడ్డ రైతులు ప్రకటించిన పన్నెండు కోరికల్లో ఒకటి, ఎప్పటికప్పుడు కొత్త శాసనాలు తెచ్చి తమని శిక్షించవద్దని, పాత రాతల ప్రకారమే తీర్పు చెప్పమని. “ఏం రాయించానో నాకే తెలీదురా” అన్న మా నాన్న ముఖం నాకు అక్కడ కనిపించింది.

అందుకే పెరూజియావాళ్ళని మెచ్చుకోకుండా ఉండలేను. 1279లో లాటినులో ఉన్న తమ పట్టణ శాసనాలని వాళ్ళు 1342లో జనం మాట్లాడే భాషలో రాసుకున్నారు. బార్తోలుస్ వంటి మహాపండితుడు ఆ తరవాత పాఠాలు చెప్పింది ఆ పట్టణంలోనే. పాండిత్యానికీ జనభాషకీ వైరం ఉండనక్కర్లేదనడానికి ఇంతకంటే ఏం కావాలి?

మనుషుల ఊడిగం సంగతి ఏమయిందో చెప్పి మళ్ళీ ఊరికి వస్తాను. రోమను చట్టం ప్రకారం బానిస పారిపోయినా బానిసే. కాని జర్మను పట్టణాల వాడుక ప్రకారం, దొర పొలంనుంచి పారిపోయి వచ్చినవాడు ఏడాదీ ఒక రోజూ పట్టణంలో ఉండి, ఎవరూ దావా చెయ్యకపోతే, స్వతంత్రుడు. ఇంత మంచి సూత్రం ఆ మహాగ్రంథాల్లో లేదు, పట్టణం తనంతట తాను పుట్టించుకుంది. అయితే మనుషులంతా ప్రకృతిధర్మం ప్రకారం స్వతంత్రులుగానే పుట్టారన్న మాట మాత్రం రోమను గ్రంథాల్లోనే ఉంది. రోమను చట్టానికి పుట్టినిల్లయిన బొలోన్యా 1256లో, దొరలకి సొమ్ము చెల్లించి, చుట్టుపక్కల పల్లెల్లోని దాదాపు 5,800 మంది ఊడిగపు జనాన్ని విడిపించింది. పద్నాలుగేళ్ళు దాటినవారికి తలకి 10 లీరాలు, అంతకు లోపువారికి 8. వాళ్ళ పేర్లన్నీ రాసిన పుస్తకానికి పారదీసుస్, అంటే స్వర్గం అని పేరు పెట్టారు. పట్టణానికి పన్ను కట్టేవాళ్ళు పెరిగారన్నదీ నిజమే. తరవాతి కాలంలో జెనోవా, ఫ్లోరెన్సులు ఇళ్ళల్లో బానిసల్ని ఉంచుకున్నదీ నిజమే. అయినా ఆ పుస్తకంలో ఎక్కినవాళ్ళు మట్టి పిసికేవాళ్ళు, మా వాళ్ళలాంటివాళ్ళు. ఆ పేరు చదివి కాసేపు ముందుకు సాగలేకపోయాను.

మరి ఆ మాట మా ఊరికి ఎలా వచ్చింది? రోమను పండితుల ఆలోచన ఇంగ్లీషు న్యాయశాస్త్రంలోకి చేరింది. దాన్ని ఇంగ్లీషువాళ్ళు మన దేశంలో 1882 ఈజ్‌మెంట్ల చట్టంగా పెట్టారు. మొదటే అమలైన ప్రాంతాల్లో మద్రాసు ప్రెసిడెన్సీ ఒకటి. మా గోదావరి జిల్లా అప్పుడు అందులోదే. దాని 13వ సెక్షను పంపకాల గురించి మాట్లాడుతుంది: ఉమ్మడి ఆస్తి పంచుకున్నప్పుడు ఒక వాటా అనుభవానికి రెండో వాటాలోంచి హక్కు తప్పనిసరైతే, ఆ హక్కు ఉన్నట్టే. పెద్దమనుషులు మరిచిపోయిన మాటని ఆ సెక్షను గుర్తుపెట్టుకుంది.

సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు, భోగినాడు పెదనాన్న ఒక్కడే అరుగుమీద ఉండగా పోయి పక్కన కూర్చున్నాను. సెక్షను సంగతి ముందు ఎత్తలేదు. “పెదనాన్నా, ఆ రోజు నేను తప్పు చెప్పాను. ఊడిగం చేసేది చేనే గాని మనిషి కాదు. ఆ చట్టం రాసినవాళ్ళు రెండువేల ఏళ్ళ కిందటే ఆ తేడా చెప్పారు. ఆసామి మట్టితట్ట కూడా ఎత్తక్కర్లేదు” అన్నాను.

“అయితే పూడిక ఎవరు తీస్తారు?”

“మేమే.”

“గట్టు తెగి నా చేను మునిగితే?”

“మాదే పూచీ.”

పెదనాన్న చాలాసేపు మాట్లాడలేదు. “ఈ ముక్కలు మీ నోటీసులో లేవే” అన్నాడు చివరికి. ఉండి ఉంటాయా, లేదా అన్నది కాదు ప్రశ్న. ఉన్నా ఆయనకి చేరేవి కావు.

కనుమ మర్నాడు టేపు పట్టుకుని బోదె పొడవూ వెడల్పూ కొలిచాను. బార్తోలుస్‌ని తలుచుకుని గ్రాఫు కాగితంమీద పటం గీశాను. పక్కన తెలుగులో పదకొండు వాక్యాలు రాశాను. అరుగుమీద అందరిముందూ గట్టిగా చదివాను. ఊడిగం అన్న మాట దగ్గర పెదనాన్న చెయ్యెత్తాడు. “ఆ మాట వద్దు. నీళ్ళకి దారి ఇచ్చాను అని రాయి” అన్నాడు. అలాగే రాశాను. రోమువాళ్ళకీ అభ్యంతరం ఉండదనుకుంటాను. అన్నదమ్ములిద్దరూ సంతకాలు చేశారు. దాన్ని ప్లీడరుగారికి చూపించి, స్టాంపు కాగితంమీద రాయించి రిజిస్టరు చేయించవలసి ఉంది. ఆ పని ఎందుకు ముఖ్యమో ఇప్పుడు మా ఇంట్లో అందరికీ తెలుసు.

అన్నీ చక్కబడ్డాయని చెప్పను. నాన్నా పెదనాన్నా ఇంకా మనసిచ్చి మాట్లాడుకోవటం లేదు. ఈ దాళ్వాకి మాత్రం నీళ్ళు వచ్చాయి.

రేపు లా చదవబోయే మిత్రులకి ఒక్క మనవి. మీ దగ్గరకి వచ్చే రైతుకి, మీరు రాసిందేమిటో వాడి భాషలో ఒక్కసారి చదివి వినిపించండి. పెరూజియావాళ్ళు 1342లో చేసిన పని అది.